ఇంటికి ఎలా వెళ్ళారు?

లా చదివే పిల్లలు ఏటా చలికాలంలో ఒకసారి మా కోర్టు చూడటానికి వచ్చేవాళ్ళు. ప్రేమ్ బజార్ దగ్గర అద్దె గదుల్లో ఉండే పిల్లలు. సైకిళ్ళు గేటు బయట వరసగా నిలబెట్టి, కొత్త తెల్ల చొక్కాల్లో లోపలికి వచ్చేవాళ్ళు. వాళ్ళను తిప్పి చూపించే పని చాలా ఏళ్ళు నాదే. ఖరగ్‌పూర్‌లో రైల్వే కేసులు చూసే మేజిస్ట్రేటు కోర్టులో ఎక్కువ కాలం తిరిగినవాణ్ణి నేనే కాబట్టి ఆ పని నామీద పడింది. నల్లకోటు మానేసి ఏడాది దాటింది. ఆ పిల్లల్లో మేఘన అనే అమ్మాయి, వరంగల్ వైపు నుంచి వచ్చిన తెలుగమ్మాయి, ఈమధ్య వచ్చి కూర్చుని, "ఆ రోజు మాకు చెప్పినవి రాసి ఇవ్వండి సార్, మా తరవాత వచ్చేవాళ్ళకి పనికొస్తాయి" అంది. అందుకని రాస్తున్నాను. నాకు ఏ పదవులు వచ్చాయో, ఎన్ని కేసులు గెలిచానో ఇందులో ఉండదు. అది తెలుసుకుని ఎవరికీ ఉపయోగం లేదు.

పొద్దున్న పూట

కోర్టు చూడటానికి వచ్చిన పిల్లలు ముందు పైకి చూస్తారు. మేజిస్ట్రేటు కూర్చునే ఎత్తు, వెనక గోడ, కేసు నంబర్లు చూపించే తెర. తరవాత వకీళ్ళను చూస్తారు. వసారాలో బెంచీల మీద కూర్చున్నవాళ్ళను చివరికి చూస్తారు, కొందరు అసలు చూడరు. నేను వాళ్ళను ముందు వసారాలోనే నిలబెట్టేవాణ్ణి. "ఈ బెంచీలే మీ కాలేజీ. లోపల ఉన్నది పరీక్ష హాలు మాత్రమే" అని చెప్పేవాణ్ణి.

మా కోర్టులో పొద్దున్న పూట జరిగేది చాలా వేగంగా జరుగుతుంది. పట్టాలు దాటినవాళ్ళు, అనుమతి లేకుండా బండిలో వేరుశెనగలు అమ్మినవాళ్ళు, ఆడవాళ్ళ పెట్టె ఎక్కినవాళ్ళు. పేరు పిలుస్తారు, నేరం చదువుతారు, "ఒప్పుకుంటావా?" అంటారు, "హా బాబూ" అంటాడు, జరిమానా వేస్తారు, ఇంకో పేరు. బెంగాలీలో, హిందీలో, ఒడియాలో, మన తెలుగులో ఒకే జవాబు. పిల్లలకు ఇది చాలా నచ్చేది. కోర్టుల్లో కేసులు ఏళ్ళ తరబడి నానుతాయని విని వచ్చిన పిల్లలు కదా.

"సార్, అన్ని కోర్టులూ ఇలాగే ఉంటే ఎంత బాగుండును" అని ఒక ఏడాది ఒకబ్బాయి అన్నాడు. పక్కనే ఉన్న మా ముహూరి, అంటే వకీలు గుమాస్తా, విని, "ఆ, అప్పుడు మీకు పనుండదు దాదా, కోటు నాకిచ్చెయ్, మా బావమరిది పెళ్ళికి వేసుకుంటాడు" అన్నాడు.

ఒప్పుకోవడం తప్పని నేను అనను. నిజంగా పట్టాలు దాటినవాడు ఒప్పుకుని సాయంత్రానికి పనిలోకి పోతే మంచిదే. కానీ వరసలో నిలబడిన ప్రతివాడూ "హా బాబూ" అంటుంటే, అనకూడనివాడు కూడా అనేస్తాడు. ఆ ఒక్కణ్ణి వరసలోంచి పక్కకు పిలవగలగడమే ఈ కోర్టులో వకీలు పని. మిగిలినదంతా కాగితాలు అందించడం.

ఘోషాల్ బాబు దగ్గర నేర్చుకున్నది

నా సీనియర్ ఘోషాల్ బాబు. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. ఆయనకు గది ఉండేది గానీ అందులో కక్షిదారును ఎప్పుడూ కూర్చోబెట్టలేదు. వసారాలోకి వచ్చి, కక్షిదారు పక్కన అదే బెంచీ మీద కూర్చునేవారు. మొదటి ప్రశ్న ఎప్పుడూ "ఖేయేఛో?" అన్నదే. తిన్నావా అని. తినలేదంటే మూడీ, అదే మన మరమరాలు, చాయ్ తెప్పించి, అది అయ్యేదాకా కేసు ఊసు ఎత్తేవారు కాదు. నేను చేరిన కొత్తలో, "ఇంత సమయం దీనికెందుకు దాదా?" అని అడిగాను. "ఆకలితో ఉన్నవాడు నువ్వేది అడిగితే దానికి ఔనంటాడు. వాడి జవాబు కావాలా, వాడి ఆకలి జవాబు కావాలా?" అన్నారు.

ఆయన ఇంకో అలవాటు, సొత్తు కేసుల్లో మూట విప్పించడం. రైల్వే సొత్తు దొరికిందని కేసు పెడితే, ఆ వస్తువును గుడ్డలో చుట్టి, లక్కముద్ర వేసి కోర్టుకు తెస్తారు. చాలామంది వకీళ్ళు ఆ మూటవైపు చూడను కూడా చూడరు. జప్తు కాగితంలో ఏముందో దానిమీద వాదించుకుంటారు. ఘోషాల్ బాబు లేచి, మూట విప్పమని అడిగేవారు. "కాగితం రాసినవాడు ఒక్కసారే చూశాడు. నువ్వు రెండోసారి చూడు" అనేవారు. తొంభై పాళ్ళు అందులో కొత్తగా ఏమీ కనిపించదు. ముద్ర వేసినాయనకు కోపం వస్తుంది, మేజిస్ట్రేటు గడియారం చూస్తారు. అయినా విప్పించాలి.

ఆయనలో నాకు నచ్చనివీ ఉన్నాయి. జూనియర్లను ఓపెన్ కోర్టులో కసురుకునేవారు. తను చదివిన పుస్తకమే పుస్తకం. వాయిదా అడగటానికి సిగ్గుపడేవారు కాదు, అవతలివాళ్ళు అడిగితే మాత్రం మండిపడేవారు. మీకు దొరికే సీనియర్ కూడా ఇలాగే ఉంటాడు. బెంచీ మీద కూర్చునే అలవాటు తీసుకుని, కసురు వదిలేయండి.

శారద అడిగేది

నా భార్య శారద రైల్వే కాలనీ తెలుగు బడిలో పాఠాలు చెప్పేది. సాయంత్రం నేను ఇంటికి రాగానే ఆ రోజు కేసు గురించి అడిగేది. గెలిచామా ఓడామా అని ఎప్పుడూ అడగలేదు. "వాళ్ళు ఇంటికి ఎలా వెళ్ళారండీ?" అని అడిగేది.

మొదట్లో నాకు అర్థం కాలేదు. "ఎలా ఏముంది, బస్సులో వెళ్ళి ఉంటారు" అనేవాణ్ణి.

"చూడలేదన్నమాట" అనేది. అంతే, వంటింట్లోకి వెళ్ళిపోయేది.

ఆ మాట భరించలేక చూడటం మొదలుపెట్టాను. తీర్పు అయ్యాక గేటుదాకా కక్షిదారుతో నడిచేవాణ్ణి. గెలిచినవాడు ఒంటరిగా వెళ్ళిపోవడం, ఓడినవాణ్ణి ఊరంతా కలిసి తీసుకెళ్ళడం చూశాను. శిక్ష తప్పిన ఒక మనిషి గేటు దగ్గర నిలబడి, ఏ వైపు వెళ్ళాలో తోచక నన్నే అడగటం చూశాను. తీర్పు కాగితంలో ఇవేవీ ఉండవు. చట్టం పుస్తకాల కంటే ఆ గేటు దగ్గర నేను ఎక్కువ నేర్చుకున్నానని చెప్పడానికి నాకు సంకోచం లేదు.

శారద పోయి మూడో చలికాలం నడుస్తోంది. ఆమె పోయాక కూడా కొన్నాళ్ళు కోర్టుకు వెళ్ళాను. గేటుదాకా నడిచే అలవాటు పోలేదు. ఇంటికి వచ్చి చెప్పడానికి మనిషి లేదు.

పైడమ్మ

మేఘన వాళ్ళ జట్టు వచ్చిన రోజున వసారా చివరి బెంచీ మీద ఒకామె కూర్చుని ఉంది. పేరు పైడమ్మ. నిమ్‌పురా యార్డు పక్క రైల్వే క్వార్టర్ల లైన్లలో ఉండే మనిషి. భర్త సింహాచలం యార్డులో బండి చక్రాలను సుత్తితో కొట్టి, మోతను బట్టి పగులు ఉందో లేదో చెప్పే పనివాడు. ఉద్యోగంలో ఉండగానే జబ్బుచేసి పోయాడు. పెద్దకర్మ రోజున తోటి షెడ్డు పనివాళ్ళు అతని సుత్తి తెచ్చి పటం ముందు పెట్టారు. కొన్ని నెలల తరవాత యార్డులో ఇత్తడి సామాను పోయిందని లైన్లలో ఇల్లిల్లూ వెతికారు. ఇత్తడి దొరకలేదు. పైడమ్మ ఇంట్లో సుత్తి దొరికింది. "దేవుడి పటాల మధ్య దాచి ఉండగా" అని జప్తు కాగితంలో రాశారు. రైల్వే సొత్తు అక్రమంగా దగ్గర పెట్టుకుందని కేసు. జామీను మీద బయట ఉంది.

నేను అక్కడికి వెళ్ళేసరికి మేఘన ఆమె పక్కన కూర్చుని మాట్లాడుతోంది. తెలుగు మాట వినబడి వెళ్ళింది పాపం.

"ఒప్పుకుంటే అయిపోతుందంట కదా ఆంటీ. పొద్దున్నుంచి చూస్తున్నాం, అందరికీ జరిమానాతో పోతోంది" అంటోంది.

"అదే గదా అమ్మా అందరూ సెప్పినారు. వొప్పీసుకుని ఎలిపోతాను. ఈ గుమ్మం మల్లీ తొక్కలేను" అంది పైడమ్మ.

నేను కూర్చున్నాను. "తిన్నావా పైడమ్మా?"

"నేదు బాబూ."

మూడీ వచ్చింది. పిల్లలు చుట్టూ నిలబడ్డారు. ఆమె తింటూ తింటూ తనంతట తనే అడిగింది. "బాబూ, వొప్పీసుకుంటే సుత్తి నాకిచ్చీస్తారా?"

"ఇవ్వరు. తప్పు ఒప్పుకుంటే అది దొంగసొత్తు అయినట్టే. స్టోరుకు పోతుంది."

ఆమె నమలడం ఆపేసింది. "ఓలమ్మా. మరి నానేటి సేసేది?"

"ఇంకోటి చెప్పు. నీకు రైల్వేలో ఉద్యోగం ఇస్తామన్నారా?"

"ఇత్తామన్నారు. మా ఆయిన పోనాడని. కాయితాలు అడుగుతున్నారు. వొర్క్‌షాపులో ఊడిసే పనో ఏటో. నాకదే చాలు బాబూ."

"ఒప్పుకున్నావంటే ఆ కాగితాల్లో రైల్వే సొత్తు కేసులో శిక్ష పడిందని రాయాలి. ఆ తరవాత రైల్వే నీకు పని ఇవ్వదు."

మేఘన ముఖం చూశాను. ఎర్రబడింది. ఆమె దయతోనే చెప్పింది. ఆ వసారాలో పైడమ్మకు అందరూ దయతోనే చెప్పారు. రేపు ఏం జరుగుతుందని మాత్రం ఎవరూ అడగలేదు.

ఆమె కేసు నేనే తీసుకున్నాను. ఆ రోజు పేరు పిలిచినప్పుడు పైడమ్మ, "తప్పు సెయ్యనేదు బాబూ" అంది. గొంతు వినబడలేదు. మేజిస్ట్రేటు మళ్ళీ అడిగారు. రెండోసారి వసారాకు కూడా వినబడింది.

తవుడు

ఈ చట్టంలో ఒక చిక్కు ఉంది. రైల్వే వస్తువు అనుమానించదగ్గ విధంగా మన దగ్గర దొరికితే, అది న్యాయంగానే వచ్చిందని మనమే చూపించాలి. అంటే సుత్తి ఇచ్చినవాళ్ళు వచ్చి, మేమే ఇచ్చామని చెప్పాలి. వాళ్ళంతా ఉద్యోగాల్లో ఉన్నవాళ్ళు. మేమే రైల్వే సుత్తిని బయటికి తీసుకెళ్ళామని కోర్టులో చెప్పడమంటే చిన్న సంగతి కాదు.

షెడ్డు గేటు దగ్గరికి వెళ్ళాను. కొందరు నన్ను చూసి తల తిప్పుకున్నారు. వాళ్ళను నేను తప్పుపట్టను. తవుడు అనే పెద్దాయన ఒక్కడే చాయ్ గ్లాసు పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. అతనికి అంతా వివరంగా చెప్పాను. నీకు మెమో రావచ్చు, ఇంకా పెద్దది కూడా రావచ్చు, చివరి ఏళ్ళ సర్వీసు, ఆలోచించుకో అన్నాను. సాక్షికి రాబోయే ఇబ్బంది చెప్పకుండా తీసుకురావడం నాకు చేతకాదు. అలా తీసుకొచ్చి గెలిచినవాళ్ళను చూశాను, ఆ సాక్షులు తరవాత వాళ్ళ ముఖం చూడలేదు.

తవుడు చాయ్ తాగి గ్లాసు కడిగి పెట్టాడు. "బాబూ, సచ్చిపోనోడి సుత్తి షెడ్డులో ఇంకొకడు ముట్టుకోడు. అది మా తాతలకాడి నుంచీ ఉన్నాది. స్టోరుకి ఇత్తే తుక్కులో ఏసీస్తారు. అందుకే ఆల ఇంటికి అట్టుకెల్లినాం. పెర్మిషనా? ఎవుల్నీ అడగనేదు. అడిగితే ఎవుడిత్తాడు?"

"ఇదే కోర్టులో చెబుతావా?"

"మా ఇంటిది సెప్పొద్దంటాది."

"మరి?"

"నానూ ఓ రోజు పోతాను గదా. అప్పుడు దాని పటం ముందర నా సుత్తి ఎవుడెడతాడో అదే సెప్పమని అడుగుతాను" అని నవ్వాడు. "పటం నాది బాబూ, దానిది కాదు. ఇలగన్నానని దానికి సెప్పీకండి!"

మూట విప్పిన రోజు

సాక్ష్యం రోజున మేఘన ఇంకో ముగ్గురితో వచ్చి వెనక కూర్చుంది. కాలేజీ పంపలేదు, వాళ్ళే వచ్చారు.

ముందు జప్తు చేసిన ఇన్స్పెక్టరు. చెడ్డ మనిషి కాడు. దొరికింది రాసుకున్నాడు. మూట విప్పించమని అడిగాను. లక్కముద్ర పగలగొట్టారు. గుడ్డ విప్పగానే సుత్తి పిడి మీద పసుపు కనబడింది. పైన కొత్త కుంకుమ బొట్టు. దాని కింద పాత బొట్ల మరకలు, చెక్క పగుళ్ళలో నల్లబడి గట్టిపడిన కుంకుమ. ఏటా విశ్వకర్మ పూజకు షెడ్డులో పెట్టినవి. మేజిస్ట్రేటు బెంగాలీ ఆవిడ. సుత్తిని దగ్గరికి తెప్పించుకుని పిడి తిప్పి చూశారు.

ఇన్స్పెక్టరును హిందీలో అడిగాను.

"ఇది పటాల వెనక ఉందా, ముందా?"

"పటాల మధ్యన."

"గది గుమ్మంలోంచి చూస్తే కనిపించిందా?"

"కనిపించింది."

"దాని ముందు ఏమైనా ఉందా?"

"దీపం ఉంది."

"వెలుగుతోందా?"

"వెలుగుతోంది."

నేను కూర్చున్నాను. బయటికి వచ్చాక మేఘన పట్టుకుంది. "సార్, దాచిన వస్తువు ముందు ఎవరైనా దీపం పెడతారా అని ఎందుకు అడగలేదు?"

"నువ్వు అనుకున్నావా ఆ మాట?"

"అనుకున్నాను."

"మేజిస్ట్రేటుగారూ అనుకునే ఉంటారు. ఆమె అనుకున్నది నేను లాక్కోవడం ఎందుకు?"

తవుడు బోనెక్కి చొక్కా బొత్తాం సరిచేసుకుని ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. ఎవరి అనుమతి అని ప్రభుత్వం తరఫు వకీలు గట్టిగా అడిగారు. "ఎవుల్నీ అడగనేదు బాబూ. తప్పయితే నా పేరు రాసుకోండి. ఆ అమ్మి పేరు కొట్టీండి" అన్నాడు. కోర్టు గుమాస్తా దాన్ని బెంగాలీలో ఎలా రాయాలో తోచక నావైపు చూశాడు. ఉన్నది ఉన్నట్టు రాయమన్నాను.

తీర్పు తరవాత

తీర్పు చదివినప్పుడు పైడమ్మకు అర్థం కాలేదు. అది ఇంగ్లీషులో ఉంది. ఆమె నా ముఖమే చూస్తోంది. "నీ మీద తప్పు లేదన్నారు" అన్నాను. పదిమంది ఎదుట ఇచ్చినదాన్ని, పదిమందికీ కనిపించేలా పెట్టుకున్న మనిషి మీద నేరం నిలవదని మేజిస్ట్రేటు రాశారు. సుత్తి స్టోరుకు పంపాలని ప్రభుత్వం తరఫున అడిగారు. ఎవరి దగ్గర తీసుకున్నారో వాళ్ళకే తిరిగి ఇవ్వమన్నారు.

తవుడికి ఆఫీసు నుంచి మందలింపు కాగితం వచ్చింది. ఇంక్రిమెంటుకు అడ్డం రాలేదు. పైడమ్మ ఇప్పుడు వర్క్‌షాపులో పనిచేస్తోంది. నాకు ఒకసారి సంతలో ఎదురుపడి, "బాబూ, తిన్నావా?" అని అడిగింది.

తీర్పు రోజున ఆమెతో గేటుదాకా నడవలేకపోయాను. ఇంకో కేసు పిలిచారు, అదే నా చివరి కేసు. బయటికి వచ్చేసరికి ఆమె వెళ్ళిపోయింది. ముహూరిని అడిగితే, ఆ అమ్మాయితో టోటో, అదే బ్యాటరీ రిక్షా, ఎక్కిందన్నాడు. ఏ అమ్మాయి అంటే చెప్పలేకపోయాడు.

ఇంటికి వచ్చి తాళం తీశాను. కోటు మేకుకు తగిలించాను. ఇన్నేళ్ళలో ఆ ప్రశ్నకు జవాబు లేకుండా ఇల్లు చేరిన రోజులు కొన్ని ఉన్నాయి. శారద ఉన్నప్పుడు ఆ రోజుల్లో సిగ్గుపడేవాణ్ణి. ఇప్పుడు అడిగేవాళ్ళు లేకపోయినా అదే సిగ్గు. చీకటి పడుతుండగా ఫోన్ మోగింది. మేఘన.

"సార్, పైడమ్మగారు ఇంటికి ఎలా వెళ్ళారో చెబుదామని చేశాను."

మొదటి రోజున వసారాలో పిల్లలకు శారద ప్రశ్న చెప్పాను. అందరికీ చెప్పినట్టే చెప్పాను. ఎవరైనా గుర్తుపెట్టుకుంటారని అనుకోలేదు.

"చెప్పమ్మా."

"టోటోలో వెళ్ళాం సార్. సుత్తిని చీర కొంగులో చుట్టి ఒళ్ళో పెట్టుకుంది. యార్డు గేటు దగ్గర ఆపించింది. తవుడుగారు బయటికి వచ్చారు. ఇంకా చాలామంది వచ్చారు. ఆయన సుత్తి తీసుకుని, గేటు దగ్గర వేలాడదీసిన పట్టా ముక్క మీద ఒక్కసారి కొట్టి, చెవి పెట్టి విన్నారు. 'బాగానే ఉన్నాది' అని ఆవిడకి ఇచ్చేశారు. అప్పుడు ఏడ్చింది సార్. ఎవరూ ఊరుకోమనలేదు. అక్కణ్ణుంచి ఇంటికి నడిచింది, నేను కూడా వెళ్ళాను."

"చాలా దూరం కదా. బరువుగా లేదా ఆమెకి?"

"నేను పట్టుకుంటానన్నాను సార్. ఇవ్వలేదు."